కొసరు

పియురాలో బస్సెక్కేటప్పుడు నా పెట్టె బరువు పద్నాలుగు కిలోలు.
మఖ్మల్ గూళ్ళలో ఇత్తడి గుండ్లు,
సీసపు బిళ్ళలు, భూతద్దం, రశీదు పుస్తకం,
ఒక జత సాక్సు.
తూనికల తనిఖీదారుణ్ణి. ఏడాదికోసారి
పెరూ దేశపు ఈ ఎడారి అంచుకి వచ్చి
రేవుల్లో కాటాలకు ముద్ర వేసి వెళ్తాను.

ఊరి కన్నా ముందు గాలి కనపడింది.
రోడ్డుకి అడ్డంగా, మోకాలెత్తున ఇసుక,
ఎవరో అదిలిస్తే పరిగెత్తే మేకల మందలా.
దాని వెనక చమురు తోడే యంత్రాలు,
తల దించుతూ, ఎత్తుతూ,
వినపడని మాటకి కూడా ఊఁ కొట్టే చెవిటి ముసలాళ్ళు.
ఒకటి మాత్రం ఆగిపోయింది, తల కిందికే.
దాని మెడ మీద గూడబాతు రెక్కలు ముడుచుకుని కూచుంది,
ఎగరడం వల్ల ఒరిగేదేమీ లేదన్నట్టు.

రేవులో చేపల కాటా.
గోడగడియారమంత ముఖం, ఒకే ముల్లు.
పళ్ళెం ఖాళీ. ముల్లు మాత్రం
నూట ఎనభై గ్రాములు, అరవై, రెండొందల పది,
మళ్ళీ వెనక్కి.

"గాలి బరువు ఎవరి ఖాతాలో రాస్తున్నావమ్మా?"

తియోదోలిందా పురిసాకా కత్తి ఆపలేదు.
మోచేతి దాకా పొలుసులు, ఎండకి మెరుస్తూ.
"పొద్దున పళ్ళేన్ని పైనుంచి నొక్కుతుంది, అప్పుడు నాకు లాభం.
సాయంత్రం కిందనుంచి లేపుతుంది, అప్పుడు కొన్నవాళ్ళకి కొసరు.
నలభై ఏళ్ళుగా చెల్లుకు చెల్లు.
నువ్వే మధ్యాహ్నం పూట వచ్చావు."

నిబంధన ఏమిటంటే,
పది లెక్కపెట్టేదాకా ముల్లు సున్నా మీద నిలవాలి.
నిలవకపోతే ఎర్ర చీటీ, నెల రోజులు బేరం బంద్.
చెప్పాను. చెబుతూంటే నోట్లో ఇసుక కరకరలాడింది.

ఆమె అరిచింది. అరుపుని గాలి ఎటో పట్టుకుపోయింది గాని
చూసినవాళ్ళు వచ్చారు:
ఉర్సులా, నీల్దా, నీల్దా చిన్న కోడలు,
మంచు దిమ్మలు కొట్టే కుర్రాడు.
రబ్బరు ఏప్రన్లు విప్పి, అంచుకి అంచు కలిపి పట్టుకుని
నన్నూ కాటానీ నడిమిన పెట్టి నిలబడ్డారు.

లోపల నీచు, నారింజ తొక్కు, తడి రబ్బరు.
ఆ పూట మొదటిసారి నా ఊపిరి నాకు వినపడింది.
ముల్లు తడబడి తడబడి సున్నా చేరింది.
ఒకటి. రెండు.

"ఆ ఆగిపోయినదాని దగ్గరే నా మనిషికి పని,"
ఏప్రన్ అవతల నుంచి తియోదోలిందా గొంతు.
"దాని చప్పుడు లేక రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పడవ కొన్నాడు."
నాలుగు. అయిదు.
"ఒక్కోనాడు వల నల్లగా వస్తుంది, జిడ్డుగా.
తిడదామని నోరు తెరుస్తాడు. ఎవర్ని తిట్టాలి?
ఆ గొట్టం బిగించింది తన చేతులే."
ఏడు.
నీల్దా కోడలు ఫక్కున నవ్వింది, దేనికో.
ముల్లు అదిరింది.

మళ్ళీ ఒకటి నుంచి.

రెండోసారి ఎవరూ మాట్లాడలేదు.
పది అయింది. ఏప్రన్లు అలాగే పట్టుకుని ఉన్నారు.
నేనూ కాసేపు చెప్పలేదు, అయిపోయిందని.

సీసం బిళ్ళ నొక్కాను.
గుడ్డ దించగానే ముల్లు మళ్ళీ తన పనిలో పడింది.
రెండు చేపలు కాగితంలో చుట్టి ఇవ్వబోయింది,
తీసుకోకూడదన్నాను.
"మరి నీ నిబంధన ఎంత తూగుతుంది?" అని
తనే కాటా మీద పడేసింది వాటిని.
ఇద్దరం అటు చూడలేదు.

బస్సు కిటికీలోంచి చూస్తే ఊరంతా ఊఁ కొడుతోంది,
ఆ ఒక్కటి తప్ప.
గూడబాతు లేచిపోయింది.

ఆఫీసుకొచ్చి పెట్టె తూచాను.
పద్నాలుగు కిలోల మూడొందలు.
సాక్సులు విదిలించాను, గుండ్లు తుడిచాను,
మూలల్లో ఇసుక గోటితో తీశాను.
ఇంకా వంద గ్రాములు ఎక్కువే చూపిస్తోంది.
కొత్త కాటా. ముద్ర నాదే.
వెతకలేదు.