అందినట్టు సంతకం

లుసాకాలో అక్టోబరు.
జకరండా పూలు రోడ్డంతా ఊదాగా రాలి
చెప్పుల కింద చిట్లుతున్నాయి.
నా చంకలో ఒకటే కవరు,
రెండు కాగితాలు, ఒక ఎర్ర ముద్ర.
తూకం వేస్తే గుప్పెడు ఎండు చేపలంత ఉండదు.

హైకోర్టులో ముప్పై ఒక్కేళ్ళుగా నా పని ఇదే:
తీర్పు ఎవరికి కోపం తెప్పిస్తుందో
వాళ్ళ చేతికే దాన్ని మోసుకెళ్ళి ఇవ్వడం.

కపెంట చేపలమ్మే నమకావు
మంత్రిగారి మీద దావా వేసింది.
బల్ల పీకించారు, మార్కెట్టు మూయించారు,
చట్టంలో ఆ మాట ఎక్కడుందో చూపించమంది.
జడ్జిగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ
మూడు వారాలు వెతికారు.
లేదు.
లేదన్న ఆ ఒక్క మాటకే ఈ రెండు కాగితాలు.

అటు కొండమీద రాగిరేకుల పార్లమెంటు,
చట్టం వాళ్ళే రాస్తారు, బొక్కసం తాళాలూ వాళ్ళవే.
ఇటు మంత్రుల ఆఫీసులు, జీపులు, లాఠీలు.
మాకేముంది?
కారే పైకప్పు, ఇంకు ఆరిన స్టాంపు ప్యాడు,
ఈ నా మోకాళ్ళు.

పోయినేడు పార్లమెంటుకీ ఒక కవరు మోశాను.
అంతకు ముందు,
మా జడ్జి ఒకాయన లంచం సంగతి తేల్చమని
అటునుంచే ఒక కాగితం ఇటొచ్చింది.
దాన్ని సంతకం పెట్టి తీసుకున్నదీ నేనే.
చెయ్యి వణికింది.

చిన్నప్పుడు మా అమ్మమ్మ పొయ్యిరాళ్ళు పేరిస్తే
కుండ పడుతుందేమోనని దగ్గరికి నెట్టేవాణ్ణి.
చేతిమీద ఒక్కటిచ్చేది:
"ఒరే, రాళ్ళు కావలించుకుంటే
మంట ఎక్కడ కూచుంటుందిరా?"

గేటు దగ్గర కబాసో.
కవరు మీద పేరు చూశాడు, నా మొహం చూశాడు,
లోపలికి ఫోను చేశాడు.
అవతలి అరుపు నాకూ వినిపించింది.
"తీసుకోవద్దంటున్నారు, పెద్దాయనా."
"సరే, తీసుకోలేదని రాసుకుంటాను.
నీ పేరుకి స్పెల్లింగు చెప్పు."

ఎండ. ఎక్కడో మినీబస్సు హారను.
నీడలో బెంచీ ఉంది, నేను కూచోలేదు.
కూచుంటే అడుక్కుంటున్నట్టుంటుంది.

ఎంతసేపో తెలీదు.
కబాసో జేబులు తడుముకున్నాడు.
తుపాకీ ఉంది, పెన్ను లేదు.
నాది ఇచ్చాను.
తుపాకీని గోడకి ఆనించాడు,
రసీదు పుస్తకం పట్టుకోవడానికి
రెండు చేతులూ కావాలి కదా.
టైము కూడా వేశాడు: పదకొండు నలభై.

నమకావు బల్ల రేపు మళ్ళీ వేయనిస్తారో లేదో,
అది నా పని కాదు.
సగం దారి వచ్చాక గుర్తొచ్చింది,
పెన్ను వాడి దగ్గరే ఉండిపోయింది.