నాలుగో లేను

కాజీపేట రైల్వే గ్రౌండుకు గడియారం అక్కెరలేదు.
బొగ్గుల గూడ్సు ఆఖరి డబ్బా దాటిందంటే
ఐదుంబావు.
మా నాయిన సున్నం బకీటు లేపుతడు.

మొదలు దారం గుంజుతడు,
ఎనుకనుంచి పొడి జారవిడుస్తడు గుప్పిట్లకెల్లి.
ముగ్గు కాదు. ముగ్గయితే తొక్కొద్దంటరు.
ఇది తొక్కెటందుకే ఏసేది.

అప్పటికే గేటు కాడ సైకిళ్లు ఒకదాని మీదొకటి వాలి ఉంటయి.
ఫాతిమానగర్ నుంచి జాకబ్ సారు,
మెడల ఈల, ఈల పక్కన సిలువ.
దర్గా దిక్కుకెల్లి ముజీబు, సగం నిద్రల,
ఒక బూటు కాలికి, ఒక బూటు చేతికి.
డీజిల్ కాలనీ సెల్వి గుండు ఇసిరేటప్పుడు
తమిళంల తిడ్తది, ఎవర్నో మాకు తెల్వది.
తండా నుంచి చాందిని, బానోతోళ్ల పిల్ల,
పాల క్యాను హోటల్ల దించి
తడి చేతులతోనే లేసు బిగిస్తది.
ఎవని భాష వానిదే.
స్టాపువాచీ కాడ మాత్రం అందరం హిందీల లెక్కవెడ్తం.

మాపటీలి సగం గ్రౌండు క్రికెట్టోళ్లది, సగం కబడ్డోళ్లది.
కూతల నడుమ బాలు వొయి పడ్డదంటే
ఆ లొల్లి స్టేషన్ దాక ఇనవడ్తది.
తెల్లారేసరికి గీతలు ఉండయి.

ఏ మాటకామాటే చెప్పాలె:
నాయిన కుడికన్ను మసకవట్టి రెండేండ్లు.
వంపు కాడ, గోలుపోస్టు దాటంగనే,
నాలుగో లేను బయటికి ఉబ్బుతది.
మూరెడు కాదు గని, జానెడు ఉంటది.
అండ్ల ఉరికినోళ్లు ఒక అడుగు ఎక్కువ ఉరుకాలె.

జాకబ్ సారు టేపు తెచ్చి కొలిసిండు,
టేపు మడిసి జేబుల వెట్టుకున్నడు.
నాయినకు ఎవ్వలు చెప్పలే.
పిల్లలే పంచాయితి తెంపుకున్నరు:
పోయిన వారం గెల్సినోళ్లకు ఈ వారం నాలుగు.
నేను ఎన్నడు గెల్వలే.
నాకు ఆ లేను రానేలేదు.

ఒకనాడు నాయినను హన్మకొండ పెద్ద స్టేడియంకు తీస్కపోయిన.
ఎర్రటి రబ్బరు ట్రాకు.
వంగి, తెల్ల గీతను గోరుతోటి గీకిండు.
"వానకు వోదా?"
పోదన్న.
"మరి పొద్దుగాల్నే వీళ్లేం జేస్తరు?"
నాకు జవాబు రాలే.
బస్సుల మాట్లాడలే ఆయన.
వడ్డేపల్లి కట్ట దాటినంక
"రంగైతే మంచిగుంది" అన్నడు, కిటికీతోటి.

దసర ముంగట కంటి దవాఖానల పొర తీసిండ్రు.
డాక్టరు పొమ్మన్న రోజే గ్రౌండుకొచ్చిండు,
దారం లేకుంటనే గీసిండు.
ఒక్కటి తప్పలే.
గీసి, నాలుగడుగులు ఎనక్కి జరిగి,
నాలుగో దాన్నే చూసిండు చానసేపు.
ఏమన్లే.
నల్ల కాడికి వొయి బకీటు కడుగవట్టిండు.

ఈల మోగింది.
ఆ వారం నాలుగు చాందినిది.
వంపు కాడ, గోలుపోస్టు దాటంగనే,
గీత సక్కగ పోయింది.
చాందిని మాత్రం
జానెడు బయటికి జరిగి
లేని ఉబ్బు సుట్టు తిరిగొచ్చింది.