లోడు

అక్టోబరు మొదటి వారం, రెడ్ నది పక్కన
చక్కెర దుంపలు తవ్వే కాలం.
నాకు రాత్రి పన్నెండు గంటలు, ఎల్డన్‌కి పగలు పన్నెండు.
మాకున్నది ఒకటే మంచం;
అది ఎప్పుడూ చల్లారదు.

ఊరవతల గడ్డినేలలో మాలాంటివి ముప్ఫై చక్రాల ఇళ్లు.
కరెంటు స్తంభాలు మాత్రం పన్నెండు.
మేం ఆలస్యంగా వచ్చాం,
బండి మోంటానాలో మొరాయించింది మరి.
కాబట్టి మాకు జనరేటరు:
ఎర్ర డబ్బా, పాత సూట్‌కేసంత.
దొంగల భయానికి బండి కొక్కేనికి గొలుసేసి కట్టాం,
కరిచే కుక్కని కట్టినట్టు.

దాని ఓపిక రెండు వేల వాట్లు.
మా ఓపికా సుమారు అంతే.
హీటరు వేస్తే కాఫీ లేదు,
కాఫీ కావాలంటే హీటరు ఆపాలి.
రెండూ కావాలనుకున్న మొదటి రోజు
టప్‌మని చీకటి.
చీకట్లో తిట్టుకుని, తర్వాత నవ్వుకున్నాం.
అప్పట్నుంచి తలుపు లోపలివైపు పెన్సిలుతో రాస్తాడు:
"ఆయిల్ మార్చాను, నూట నాలుగు గంటల దగ్గర."
దాని కింద నేను: "పెట్రోలు అయిపోవచ్చింది. సూప్ ఉంది."
దాని కింద అతను: "సూప్‌లో ఉప్పు లేదు."
ఈ నెల మేం రాసుకున్న ఉత్తరాలు అవే.

పడుకునే ముందు హీటరు ఆపేస్తాడు, పొదుపని.
నిద్రలో ఊపిరి తప్పకుండా పెట్టుకునే మాస్కు ఒక్కటీ నడవాలి.
దానికి డబ్బా ఊరికే గొణుగుతుంది.
పని పడితే గొంతు పెంచుతుంది.
ఫ్రిజ్‌కి ఒక గొంతు, నీళ్ల పంపుకి ఇంకొకటి,
కాఫీకి మాత్రం ఛాతీలోంచి, నిండుగా.
తెల్లారగట్ల దుంపల కుప్ప దగ్గర్నుంచి
బూటుకో కిలో బురద మోసుకొస్తూ
చుట్టూ పది ఇంజిన్లు మోగుతున్నా
మాది పట్టేస్తాను.
అది బరువెక్కిందంటే ఎల్డన్ లేచాడు,
నా పసుపు కప్పు కడుగుతున్నాడు.

పద్నాలుగో రోజు గొంతు పెరగలేదు.
తేలిగ్గా, ఎవరికీ అక్కర్లేనట్టు తిరుగుతోంది.

గాలి నాలుగింటికి దిక్కు మార్చింది, నాకు తెలుసు.
కన్వేయరు దుమ్ము అప్పటిదాకా లారీల మీదికి పోయి
ఒక్కసారిగా నా కళ్లలో పడింది.
విసుక్కున్నాను.
పొగ కూడా తిరుగుతుందని తట్టలేదు.

నా మోకాళ్లకి అరవై రెండేళ్లు.
పరిగెత్తాయి.
వెర్లా వాళ్ల బండి, ఆరేసిన చేతితొడుగులు,
ఎవరిదో సైకిలు, దాన్ని తన్నేశాను.

తలుపు బార్లా తెరిచి ఉంది.
కిటికీల్లోంచి పరదాలు బయటికి కొట్టుకుంటున్నాయి.
మెట్టు మీద ఎల్డన్,
నా నీలం దుప్పటి కప్పుకుని, ఒక్క కాలికే మేజోడు.
ఒళ్లో పొగ అలారం,
బ్యాటరీ తీసినా ఇంకా తిడుతుందేమోనని
బోర్లించి పట్టుకున్నాడు.
"ఇది అరిచి చచ్చింది," అన్నాడు, "నేను కాదు."
పళ్లు టకటకలాడుతున్నాయి.
గొలుసు విప్పి, తీగ సాగినంత దూరం
డబ్బాని ఈడ్చుకెళ్లాడట.
తెల్లగా పేరిన మంచులో ఆ గాడి నల్లగా ఉంది.

తలనొప్పా అన్నాను. కొంచెం అన్నాడు.
నా పేరు చెప్పు అన్నాను.
మార్లిస్ అన్నాడు,
ఇంటిపేరు కూడా చెప్పాడు, నా పుట్టింటిది.

పనివాళ్ల వ్యాను రెండుసార్లు హారన్ కొట్టి
పన్నెండు గంటల కూలితో సహా వెళ్లిపోయింది.
ఆసుపత్రికి పోదాం అన్నాను.
కాఫీ తాగాక అన్నాడు.
ముందే అన్నాను.

అతని బూట్ల కోసం లోపలికి వెళ్లాను.
చెయ్యి ఆగదు కదా, దారిలో స్విచ్చి నొక్కింది.
దూరంగా, గడ్డి చివర,
డబ్బా గొంతు సవరించుకుంది.
రోజూ సాయంత్రం పని దిగి వచ్చేటప్పుడు
అతనూ వింటాడని నాకేం తెలుసు.

బయట మెట్టు మీంచి ఎల్డన్ అన్నాడు:
"లేచావన్నమాట."