మూడో తూటా

మొగిలి మెట్టెక్కి
ఎడమ చేత్తోనే సంచి దించిండు.
కుడిచెయ్యి తువ్వాల్ల ఉన్నది.
తువ్వాల కొత్తది.

సంచిల వాళ్ల తాత కాలపు లైసెన్సు తుపాకి, ఒంటి గొట్టం.
చెంప ఆనించే చోటికి జానెడు ముందట
మక్కకంకి పొట్టు ఒలిచినట్టు
ఇనుము నాలుగు దిక్కుల విచ్చుకున్నది.
"బాగైతదా చారీ?"
అడిగింది తుపాకి ముచ్చటే.
చెయ్యి ముచ్చట ఎంజీఎంల అడిగే వచ్చిండట.

తప్పు గొట్టానిది కాదని చూడంగనే ఎరుకైంది.
ముప్పై ఏండ్ల కింద నేనే సాఫు చేసిన దాన్ని.
తూటాలు యాడియి?
ఏటూరునాగారం అంగట్ల ఒకాయన.
పేరు? అడగలే.
ఊరు? గోదారి అవతల అన్నడు.
మనిషి? మంచిగనే ఉండె చారీ,
పన్నెండు కొంటె ఒకటి కొసరిచ్చిండు.

చింతకాయలకు కొసరు, చేపలకు కొసరు విన్న.
తూటాకు కొసరు, ఇదే వినుడు.

ఎనిమిది మంచిగనే పేలినయట.
తొమ్మిదోది తుస్సుమన్నది.
మంచె మీద తనూ బామ్మర్దీ పడి పడి నవ్వుకున్నరట.
పందుల గుంపు ఇంక చేన్లనే ఉన్నది,
నవ్వుకుంటనే పదోది ఎక్కించిండు.

లుంగీ మడత ఇప్పి, మిగిలిన మూడు తీసి
బల్ల మీద నిలబెట్టిండు.
"ఇవన్న మంచియేనా చూడు."

మా నాయిన తన తూటాలు తానే నింపుకునేటోడు,
అవుసులోళ్ల త్రాసు మీద, నోట్ల మాట లేకుండ.
పక్కింటి పటేలు ఎంత బతిమాలినా నింపియ్యలే.
"నా చెయ్యి తీస్కపోయి నీ చెంప పక్కన పెట్టలేనయ్యా" అన్నడు.
పటేలు ఆర్నెల్లు మాట్లాడలే.
నాకప్పుడు నాయిన పిసినారోడనిపించిండు.

ఫ్యాను బంద్ చేసిన. పిల్లగాన్ని చాయ్‌కి తోలిన.
నిన్నటి పేపరు పరిచి ఒక్కొక్కటి ఇప్పిన.

మొదటిదాంట్ల మందు
త్రాసు అక్కరలేనంత ఎక్కువ.
రెండోదాంట్ల చిటికెడు, అదీ చెమ్మకు గడ్డకట్టి.
అసొంటిది సక్కగ పేలదు, ఊకోదు,
గొట్టం నడుమ గుండ్లను కూసోబెట్టి
వెనకొచ్చేదాని కోసం ఎదురుచూస్తది.
తొమ్మిదోది గట్లనే చేసిందో,
పదోది ఈ మొదటిదాని తోడబుట్టిందో
నేను చెప్పలేను.
ఇనుము కూడ చెప్పదు.

మూడోది సరిగ్గ ఉన్నది.
రెండుసార్లు తూచిన. వెంట్రుకంత తేడా లేదు.
మీద గుండ్రంగ, ఓపికగ కోసిన అట్టబిళ్ల.
"ఇది మంచిగున్నది" అని పైకే అన్నట్టున్న.
గదే నన్ను భయపెట్టింది.

అంటే వానికి పని తెలుసు.
ఏ గుడిసెల, కరెంటు పోయిన ఏ రాత్రో
బిడ్డ ఏడ్చిందో, ఫోను మోగిందో,
అన్నానికి రమ్మని ఎవరన్న పిలిచిన్రో.
లేచిపోయి మళ్ల కూసున్నంక
దీన్ల పోసిన్నా, పొయ్యలేదా అని
ఒక్క గడియ ఆగి ఉంటడు.
ఆగింది చాలనుకున్నడు.

మందు అంటం మనం అన్నిటికి.
పత్తికి కొట్టేది మందు, సీసాల ఉండేది మందు,
మొగిలికి పూటకు రెండు గోలీలు, అదీ మందే.
దేన్ల ఎంతున్నదో
ఎన్నడన్న మూత తీసి చూసినమా?

"మూడోది మంచిగున్నదంటివి గద" అన్నడు మొగిలి,
"మరి ఇటియ్యి. మా బామ్మర్దికి తుపాకి ఉన్నది.
పందులు ఆగుతలెవ్వు."

నేనేం అనలే.
మూడింటి మందూ బకీట్ల నీళ్లల్ల పోసిన.
నల్లగ, మెల్లగ దిగింది.
అట్టబిళ్ల తేలింది.
ఎవరిదో పెండ్లి కార్డు కోసింది.
పసుపు మీద ఎర్రక్షరాలు, "ఆహ్వానించువా"
అక్కడికి తెగింది.

పేరు ఇంకో బిళ్ల మీద ఉంటది,
ఎవరి గొట్టంలనో.