కోడికూత

సఫీ రేవులో సార్డీన్ల కార్ఖానా.
గేటు దగ్గర నీలం ట్రేలో
ఫోన్లన్నీ అప్పజెప్పి
నంబరు బిళ్ళ మెడలో వేసుకుని లోపలికి.
మాట్లాడితే చేతులు నిదానిస్తాయట, మేనేజరు లెక్క.

కాపలా బూష్తాకి అక్షరం రాదు.
ఏ మోత ఎవరిదో మాత్రం తెలుసు.
దగ్గులాంటిది ఫాద్మాది,
కోడికూత ఇట్టోది.
ముట్టుకున్నాడో, ఉన్న కొలువూ ఊడుతుంది.

ఇవాళ కోడి ఆగకుండా కూస్తోంది.
ఇట్టో కూతురికి నెలలు నిండాయని
చేపల తలలు తుంచే వాళ్ళందరూ ఎరుగుదురు.

ఏడోసారికి బూష్తా లేచాడు.
తలుపు నెట్టి,
ఆవిరి మధ్య, మేనేజరు ఎదుటే
మెడ సాచి
కొక్కొరొకో అన్నాడు.

నూటపది కత్తెరలు ఆగిపోయాయి.
గోడ మీది నిబంధనల్లో
కోళ్ళ ఊసు ఎక్కడుందా అని
మేనేజరు వెతుక్కుంటున్నాడు.

పొలుసులంటిన ఏప్రనొకటి
అప్పటికే గేటు దాటింది.