పద్నాలుగో పేరు

పురానీ హవేలీ కోర్టులో నాది స్టెనో కుర్చీ.
ఒక కాలు పొట్టి. కింద పాత కేసుల జాబితా మడిచి పెట్టాను.
ఎవరెవరి వాయిదాలో, నా బరువు మోస్తున్నాయి.

మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు
దఫేదార్ లింబాద్రి మొదలుపెట్టాడు:
"కార్పొరేటర్‌కు ఓటేస్తం, ఎమ్మెల్యేకు ఓటేస్తం,
గీ సార్లకెందుకెయ్యం మేడం?
అయిదేండ్లు చూద్దం, మంచిగ లేకుంటె దించేద్దం."
పుంటికూర పచ్చడి నా వైపు జరిపాడు,
తీర్పు నా దగ్గరే ఉన్నట్టు.

ఊహించుకున్నాను.
మదీనా చౌరస్తాలో ఫ్లెక్సీ,
నల్లకోటు, జోడించిన చేతులు,
అంచు పొడుగునా కుర్రాళ్ల పాస్‌పోర్టు ముఖాలు.
ఆటో మైకులో: మీ ఇంటి బిడ్డ, మీ జడ్జి,
మన గుర్తు త్రాసు, మరిచిపోకండి త్రాసు.
ఆ ఫ్లెక్సీకి తాళ్లు కట్టినవాడికి,
బిర్యానీ దేగ్చాలు దింపించినవాడికి
రేపు ఇదే హాల్లో ఒక కేసు ఉండదా?
పళ్లెంలో ముందే ఒక దేగ్చా కూర్చుంటే
ముల్లు ఎటు చూస్తుంది?

అయినా నిజం చెప్పాలి.
నాకూ ఒకసారి ఓటు కావాలనిపించింది.
మూసారాంబాగ్‌లో, మా గల్లీలో,
నాలా మీదికి జరిగిన పదకొండు గోడలు
తీసెయ్యమన్నారు సుమేధ మేడం.
తొమ్మిదో గోడ నాది.
ఆ తీర్పు టైపు చేసింది పక్క హాలు జయప్రద,
నకలు చేతికిస్తూ నా ముఖం చూడలేదు.
ఆ సాయంత్రమే పోలింగు పెట్టి ఉంటే
మా గల్లీ అంతా ఒక్కటై ఆమెను ఓడించేది,
మొదటి సిరాచుక్క నా వేలిమీదే.
నాలా నాలాదేనని నాకు తెలుసు.
తెలిసే ఓడించేదాన్ని.

అందుకే ఆ ఓటు నా చేతికి ఇవ్వొద్దంటాను.
అంటానో లేదో, ఇంకొకాయన గుర్తొస్తాడు.
పేరు చెప్పను.
సాక్షి ఏడుస్తుంటే గడియారం చూసేవాడు.
ఫైలు తెరవకుండానే "తర్వాత" అనేవాడు.
ఎన్నిసార్లు రాశానో ఆ మాట,
చివరికి ఒక చుక్క పెట్టి వదిలేసేదాన్ని.
ఆయన్ని అడిగేదెవరు?
పాల ప్యాకెట్ మీద కూడా తేదీ ఉంటుంది కదా.
రిటైర్మెంటు ఉందిగా అంటారు.
అది ఆయన వయసుకు వేసిన తేదీ,
మా ఓపికకు కాదు.

"అయితే ఓటొద్దు లింబాద్రీ, గడువు పెడదాం" అన్నాను,
ఏదో తేల్చేసినట్టు.

గుమ్మం దగ్గర కుల్సుం బీ దగ్గింది.
శాలిబండలో ఒక గది, మెట్ల కింద ఒక నల్లా.
అవి ఎవరివో తేలక ఇరవై ఆరేళ్లు.
కొంగులో ఒక నోటుబుక్కు,
అందులో పదమూడు మంది జడ్జీల పేర్లు,
ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు.
రెండేళ్లకో మూడేళ్లకో బదిలీ;
ఆ నల్లా ఎక్కడుందో ఒకరికి అర్థమయ్యే వేళకు
మెడలో వీడ్కోలు దండ.
"గడువు వాళ్లకు ఎప్పుడూ ఉంది బేటీ" అంది,
గోడకు ఆనుకుని మోకాళ్లు నొక్కుకుంటూ.
"మీరు ఎన్నుకుంటే ఎన్నుకోండి, పైనుంచి పంపిస్తే పంపించండి.
ఒక్కడు మొదటినుంచి ఆఖరిదాకా కూర్చోని వింటే చాలు."
లింబాద్రి ఏమీ అనలేదు.
ఉన్న ఒక్క స్టూలు ఆమెకు జరిపాడు.

రెండున్నరకు కొత్త సారు వచ్చారు.
ఆసిఫాబాద్ నుంచి, పొద్దున బస్సుకు.
చెప్పులకు ఇంకా ఆ ఊరి ఎర్రమట్టి.
ఆయన ఎలాంటివాడో నాకు తెలీదు,
నాకే కాదు, ఎవరూ ఎవరినీ అడిగి తేలేదు.
కుల్సుం బీ నోటుబుక్కు నా బల్లమీద పెట్టింది.
"పేరు రాసియ్యి."
"తెలుగులో రాస్తే?"
"మనవరాలు చదువుతది."

పద్నాలుగు అని అంకె వేశాను.
పక్కన పేరు రాశాను, ఇంటిపేరుతో సహా,
తీర్పు కింద సంతకానికి టైపు చేసినంత జాగ్రత్తగా.
ఆమె పుస్తకం తీసుకుని
ఆ పేజీలో ఇంకా ఎన్ని గీతలున్నాయో
వేలితో లెక్కపెట్టుకుంటోంది.