రవ్వ

సుత్తి ఇనుము మీద పడగానే
నిప్పురవ్వలు లేవాలి.
లేస్తున్నాయి.
"కుంకుమ చల్లినట్టుండాయే" అన్నాడు దస్తగిరి.
కడప మాట, మొహమాటం లేని మాట.

వేగం పెంచాను. కుంకుమ ఇంకాస్త దూరంగా పడింది.
లెక్క మూడొందలు చేశాను.
టెస్టింగ్ కోసం ఉంచిన పాత చవక ఫోను
వీపు పెనంలా కాగి
సుత్తిని గాల్లోనే పట్టుకుని నిలబడిపోయింది.

ఈక్కాట్టుతాంగల్‌లో మా ఆఫీసు కింద
ఏకాంబరం గ్రిల్స్ షాపు.
ఎండ దిగాక గానీ పెద్ద గేట్లు ముట్టుకోడు.
లిఫ్టు పనిచేయని రోజు, అంటే ప్రతిరోజూ,
మెట్లు దిగి ఆ నీలివెలుగు నుంచి మొహం తిప్పుకుని
బస్సు కోసం పరిగెత్తేదాన్ని.
ఇవాళ ఆగాను.

వెలుగుని చూడకు, నేలని చూడు
అన్నాడు తమిళంలో, ముసుగు ఎత్తకుండానే.

నేల మీద
ఏదీ పడ్డది పడ్డట్టు ఉండటం లేదు.
ఒకటి ఎగిరి, మళ్ళీ ఎగిరింది, రెండోసారి బద్ధకంగా.
ఒకటి దారిలోనే ఆరిపోయింది.
ఒకటి చిట్లి రెండైంది.
ఇంకోటి దొర్లుకుంటూ నా చెప్పు దాకా వచ్చి నల్లబడింది.
ఎంత గుంపుగా అనిపించినా
కంటికి ఒక్కసారి చిక్కేవి నలభై మించవు.

"పొరి" అన్నాడు, నా చూపు చూసి.
నాలుగేళ్ళుగా నాకు పొరి అంటే
స్టేషన్ బయట పొట్లంలో కొనుక్కునే బొరుగులు.
మా భాషలో రవ్వ అంటారని చెప్పాను.
"ఉప్మాకా?" అని
రాడ్ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

మళ్ళీ మెట్లెక్కాను.
మూడొందలు కొట్టేసి నలభై రాశాను.
అన్నిటికీ ఒకే ఆయుష్షు పోసిన లైను
నా చేత్తో రాసిందే.
పావు సెకనుకీ సెకనుకీ మధ్య
దేని నుదుట ఏముంటే అదే పడనీ అని మార్చాను.
పుట్టేటప్పుడు తెలుపు, పోయేటప్పుడు ఇటుక రంగు.
నేల తగిలితే ఎగరాలి, ఎగిరితే సగం వేగం వదిలేయాలి.
పదింటిలో ఒకటి చిట్లాలి.
బరువు దగ్గర చాలాసేపు తడబడ్డాను.
రెండంటే వడగళ్ళు, ఒకటంటే దూది.
ఒకటిన్నరకి కాస్త ఇవతల వేలు ఆగింది.
ఫోను అరచేతిలో
నిద్రపోయే పిల్లిలా గోరువెచ్చగా ఉంది.

ఇంటికొచ్చి చున్నీ మడతపెడుతుంటే
అంచున ఆవగింజంత కన్నం.

పొద్దున దస్తగిరి పదిసార్లు సుత్తి కొట్టించి చూశాడు.
రవ్వల ఊసే ఎత్తలేదు.
"శబ్దమే," అన్నాడు,
"రవ్వంత లేటుగా వస్తాంది."